పూజలో ఉన్న పుస్తకం

పిల్లలకు పుస్తకాల రుచి మరిగించడంలో నన్ను మించినవాళ్లు ఎమ్మిగనూరు చుట్టుపక్కల లేరని కొన్నేళ్ల పాటు నాకు గట్టి నమ్మకం. ఆ మాట ఎవరూ నాతో అనలేదు. నాకు నేనే అనుకున్నాను, అనుకుని మురిసిపోయాను. ఇప్పుడు ఆ మురిపెం గుర్తొస్తే పక్కన ఎవరూ లేకపోయినా తల దించుకుంటాను. దానికి కారణం ఒక పదమూడేళ్ల పిల్లతో నేను చెప్పిన అబద్ధం. పెద్దదేమీ కాదు. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

నేను పనిచేసేది నందవరం దాటాక వచ్చే ఒక ఊరి హైస్కూల్లో. తెలుగు చెబుతాను. కాపురం ఆదోనిలో. పొద్దున్నే బస్సులో ఎమ్మిగనూరు, అక్కడి నుంచి ఇంకో బస్సో షేర్ ఆటోనో. మా బడికి లైబ్రేరియన్ పోస్టు లేదు. నేను చేరిన వారానికే హెడ్‌మాస్టరు గారు ఒక తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, "తెలుగు మేడమ్ గదా, ఆ గది మీరే చూసుకోండి" అన్నారు. గది అంటే రెండు ఇనుప బీరువాలు, ఒక పొడుగు బల్ల, మధ్యాహ్న భోజనం తాలూకు బియ్యం బస్తాలు. ఆ బస్తాలను అక్కడి నుంచి కదిలించడానికి నెల రోజులు పోట్లాడాను. బీరువా తలుపులు కిర్రుమనకుండా తెరుచుకోవడానికి ఇంకో వారం కొబ్బరినూనె పోశాను. లోపలి పుస్తకాలను నాకంటే ముందు ఎలుకలు తప్ప ఎవరూ ముట్టినట్టు లేదు.

పిల్లల చేత పుస్తకం పట్టించడానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఒక కథల పుస్తకం తీసి పైకి చదివేదాన్ని. ముసలివాడికి ఒక గొంతు, రాజుకు ఒక గొంతు, దొంగకు ఇంకో గొంతు. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు కూడా నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. ఏమవుతుందో అని అందరూ ముందుకు వంగిన చోట సరిగ్గా ఆపి, పుస్తకం మూసేసేదాన్ని. "మిగతాది కావాలంటే బీరువాలో ఉంటుంది, వచ్చి తీసుకోండి" అనేదాన్ని. క్లాసంతా ఒకటే గోల. సోమవారానికి నలుగురైదుగురు ఆ పుస్తకం కోసం తలుపు దగ్గర నిలబడేవాళ్లు. పై నుంచి తనిఖీకి వచ్చిన ఒకాయన ఇది చూసి మెచ్చుకున్నాడు కూడా. ఆ రోజు ఆదోని దాకా బస్సులో నిలబడి పోయినా నాకు కాళ్లు నొప్పి పుట్టలేదు.

ఇక్కడే ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. నేను వాటిలో ఏ పుస్తకాన్నీ చివరిదాకా చదవలేదు. ఎక్కడ ఆపితే పిల్లలు గిలగిలలాడతారో ఆ చోటు దొరికేదాకా చదివేదాన్ని, అంతే. చిన్నప్పటి నుంచీ పరీక్షల కోసం చదివిన చదువు నాది. ఉద్యోగం వచ్చాక పుస్తకం పట్టుకుంటే పది నిమిషాల్లో నిద్ర. ఏ పిల్లో వచ్చి, "ఆఖర్న బలే ఉండాది మేడమ్" అంటే అంతా తెలిసినట్టు తల ఊపేదాన్ని. వాళ్లు నన్ను పెద్ద చదువరిని అనుకునేవాళ్లు. అనుకోనిచ్చాను.

ఆరేళ్ల కిందట ఆగస్టులో బీరువా అడుగు అరలో అట్ట ఊడిపోయిన ఒక పాత పుస్తకం దొరికింది. ఎవరు రాశారో, దాని పేరేమిటో తెలియదు, ముందు పేజీలు కూడా లేవు. సముద్రం ఒడ్డున దీపస్తంభం. దాని కాపలావాడికి ఒక కూతురు. దీపానికి నూనె తేవడానికని ఊళ్లోకి పోయిన తండ్రి తిరిగి రాడు. తుఫాను పట్టుకుంటుంది. వేటకు పోయిన పడవలు ఇంకా నీళ్ల మీదే ఉంటాయి. అడుగున మిగిలిన కాస్త నూనెతో దీపం వెలిగించడానికి ఆ పిల్ల ఒక్కతే మెట్లెక్కి పోతుంది. అగ్గిపెట్టె తడిసిపోయి ఉంటుంది. ఒక్కో పుల్లా గీస్తుంటే ఒక్కోటీ రాలిపోతుంది. చివరికి ఒకే ఒక్క పుల్ల మిగులుతుంది. నేను అక్కడ ఆపాను.

మా పిల్లల్లో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. పెద్ద నీళ్లంటే వాళ్లకు మంత్రాలయం దగ్గర తుంగభద్రే, అదీ ఎండాకాలంలో మోకాలి లోతు. అయినా ఆ రోజు గదిలో చప్పుడు లేదు. ఎనిమిదో తరగతిలో కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల మాత్రం లేచి నిలబడింది. మామూలుగా హాజరు పిలిస్తే పలకడానికే సిగ్గుపడే పిల్ల అది.

"అంటుకునిందా మేడమ్?" అని అడిగింది.

"చదివి నువ్వే చెప్పు" అన్నాను, నాకు అలవాటైన జవాబే.

కానీ ఆ పుస్తకం ముందుగా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పట్టుకుపోయింది. తిరిగి ఇవ్వకుండా వారాల తరబడి ఇంట్లో ఉంచుకుంది. ఈ పిల్ల రోజూ వచ్చి, "వచ్చినాదా మేడమ్?" అని అడిగి పోయేది. ఒకసారి విసుగొచ్చి, "ఆ అక్కనే అడగరాదా, కథ చెప్తుంది గదా" అన్నాను.

"ఆ యక్క సెప్తాననె మేడమ్. నేనే వద్దంటి. నేనే సదవాల."

ఇన్నేళ్లలో ఏ పిల్లా నాతో అంత మాట అనలేదు. నాకు ఒళ్లు పులకరించింది. దసరా సెలవులు ఇంకా నాలుగు రోజులున్నాయనగా ఆ పుస్తకం తిరిగొచ్చింది. ఆ పిల్లను పిలిచి, "ఆఖరి రోజు సాయంత్రం రా పాపా. సెలవులంతా నీ దగ్గరే పెట్టుకుని తీరిగ్గా చదువుకుందువు గానీ" అని మాటిచ్చాను. అప్పుడే ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వకపోవడానికి కారణం నేనే. ఇంతగా అడుగుతోందే, అసలు ఆ అగ్గిపుల్ల ఏమైందో చూద్దామని నాకూ మొదటిసారి ఆశ పుట్టింది. పుస్తకం నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. పుస్తకం మీద ఇష్టం ఆ పిల్ల దగ్గరి నుంచే నాకు అంటింది. అంటించాల్సిన మనిషిని మాత్రం నేనని అందరూ అనుకునేవాళ్లు.

ఇక పూజ సంగతి. నేను పుట్టింది మంత్రాలయం దగ్గర మాధవరంలో. మా నాన్న మంత్రాలయంలో పిల్లలకు పాఠాలు చెప్పేవారు. మా ఇంట్లో దసరా రోజుల్లో సరస్వతీ పూజకు పుస్తకాలన్నీ పీట మీద పేర్చి, మడిబట్ట కప్పి, పసుపు కుంకుమలు పెట్టేవాళ్లు. విజయదశమి దాకా ఎవరూ ఏ పుస్తకమూ తెరవకూడదు. అక్షరం చదివితే అమ్మవారికి కోపం వస్తుందనేవాళ్లు. నాకు ఆ పండగంటే ప్రాణం. దేవుడి పేరు చెప్పి చదువు మానేసే రోజులు అవే గదా.

ఆ పద్ధతిని నేను బడిలోకి తెచ్చాను. సెలవులకు ముందు ఆఖరి రోజు బీరువాల్లోని పుస్తకాలను పొడుగు బల్ల మీద మెట్లు మెట్లుగా పేర్చి, పైన పచ్చబట్ట కప్పేదాన్ని. ఆడపిల్లలు బంతిపూలు తెచ్చేవాళ్లు. అగరొత్తులు, శనగ గుగ్గిళ్లు. హెడ్‌మాస్టరు గారు హారతిస్తే ఎవరో ఒకరు ఫొటో తీసి ఉపాధ్యాయుల గ్రూపులో పెట్టేవాళ్లు. పుస్తకం అంటే పిల్లలకు భక్తి కలుగుతుందని నేను అందరికీ చెప్పేదాన్ని. బడి తెరిచేదాకా ఆ గదికి తాళం. పిల్లలకు ఊపిరాడే రోజులు ఏడాదిలో అవే కొన్ని అని, సరిగ్గా ఆ రోజుల్లోనే నేను పుస్తకాలకు తాళం వేస్తున్నానని నాకు ఒక్కసారీ తట్టలేదు. తట్టకపోవడం ఏమిటో ఇప్పుడు ఆలోచిస్తే నామీద నాకే కోపం వస్తుంది.

ఆ ఆఖరి రోజు పూజ అయిపోయింది. గుగ్గిళ్లు తిని పిల్లలు వెళ్లిపోయారు. నేను బ్యాగు భుజానికి తగిలించుకుని తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. బయట ఆటో అతను హారన్ కొడుతున్నాడు. ఆ పిల్ల వచ్చింది. చేతిలో ఎమ్మిగనూరు బట్టలకొట్టు కవరు ఒకటి, మడతలు పోయేలా చేత్తో సాపు చేసి పట్టుకుంది. పుస్తకం చుట్టడానికని అర్థమైంది. చేతులు కడుక్కుని వచ్చినట్టుంది, గౌనుకు తడి తుడుచుకున్న మరకలున్నాయి. దాని చంకలో అయిదేళ్ల చెల్లెలు.

"మేడమ్, ఆ పుస్తకం ఇస్తామంటిరి గదా" అంది.

నేను బ్యాగు జిప్పు మీద చెయ్యి వేశాను కూడా. అప్పుడది, "సెలవులైనంక గూడ నా దగ్గరే ఉండనీండి మేడమ్. ఉగాదికి తెచ్చిస్తా" అంది.

"ఉగాదికా? ఎందుకు?"

"సుగ్గికి పోతాండాం మేడమ్. ఈ పొద్దే లారీ వస్తాదంట."

మా వైపు వలసను సుగ్గి అంటారు. వానలు మోసం చేసిన ఏడు ఇంటికి తాళం వేసి, ఊళ్లకు ఊళ్లే గుంటూరు వైపు పోతాయి. ముందు పత్తి తీయడం, ఆ తర్వాత మిరపకాయలు కోయడం. మళ్లీ ఉగాదికి వస్తారు. అంతకుముందు ఏళ్లలో ఈ పిల్లను వాళ్ల అవ్వ దగ్గర వదిలి పోయేవాళ్లు. వేసవిలో ఆ అవ్వ పోయింది.

"నువ్వెందుకు పోవడం? హాస్టల్లో ఉండొచ్చు గదా" అన్నాను.

"సెల్లెల్ని సూసుకోవాల మేడమ్. అమ్మా నాయినా సేన్లో ఉంటే ఇది ఒకతే ఉండదు."

అప్పుడు నేను ఆలోచించాల్సింది ఆ పిల్ల చదువు గురించి. వాళ్ల నాయనతో ఒక మాట మాట్లాడతాను పద అనాల్సింది. నేను ఆలోచించింది పుస్తకం గురించి. కిందటేడు సుగ్గికి పోయిన పిల్లలతో పోయిన రెండు పుస్తకాలు తిరిగి రాలేదు. ఇది కూడా పోతుంది, మిరప చేలలో నానిపోతుంది అనుకున్నాను. దానికంటే ముందు ఇంకో మాట మెదిలింది. నేను ఇంకా చదవలేదే అనుకున్నాను. ఈ మాట ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు.

ఇవ్వను అని చెప్పడానికి మొహం చాలలేదు. మాటిచ్చిన దాన్ని గదా. బల్ల మీది పచ్చబట్ట వైపు చూపించి, "అయ్యో, పూజలో పెట్టేశాను పాపా. ఇప్పుడు కదిలించకూడదు. అమ్మవారికి కోపం వస్తుంది" అన్నాను.

పుస్తకం నా భుజాన, బ్యాగులో ఉంది. దాని అంచు నా పక్కటెముకలకు ఒత్తుకుంటూనే ఉంది.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. పుస్తకం దొరకలేదని కాదు, చేయకూడనిది ఏదో చేశానన్న భయంతో. చెల్లెల్ని కిందికి దింపి, రెండు చేతులూ జోడించి, ఆ పచ్చబట్ట వైపు తిరిగి చెంపలేసుకుంది. "తెలీక అడిగినా తల్లీ" అంది. చెల్లెలి చేత కూడా మొక్కించింది. నాతో, "తప్పయిపాయ మేడమ్" అని చెప్పి, ఆ కవరును మళ్లీ నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయింది. నేను గదికి తాళం వేసి ఆటో ఎక్కాను.

ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే బస్సులో కిటికీ సీటు దొరికింది. పుస్తకం బయటికి తీశాను. తీయకుండా ఉండాల్సింది. బయట చేలల్లో పత్తి మోకాలెత్తు కూడా లేదు. ఎక్కడికక్కడ ఎండిపోయి ఉంది. ఆ చేల మధ్య నుంచి పోతూ నేను ఆ కథ చదివాను. నిద్ర రాలేదు. బస్సు ఆదోని చేరేలోపే పూర్తయింది. ఆ అగ్గిపుల్ల ఏమైందో నాకు తెలిసిపోయింది. నా జీవితంలో ఆశగా చివరిదాకా చదివిన మొదటి పుస్తకం అదే, అదీ ఇంకొకరి నోటి దగ్గర నుంచి లాక్కున్నది. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే రేపు పొద్దున్నే ఆ ఊరికి పోయి ఇచ్చేద్దాం అనిపించింది. లారీ ఈ పొద్దే గదా అని గుర్తొచ్చింది. అదొక సాకు దొరికినట్టయింది, దాన్ని పట్టుకుని హాయిగా పండగ చేసుకున్నాను.

బడి తెరిచారు. కిటికీ పక్క చోటు ఖాళీ. రోజూ హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి ముందుకు పోయేదాన్ని. కొన్నాళ్లకు ఆగడం కూడా మానేశాను. స్టాఫ్ రూములో సుగ్గి పిల్లల మాట వచ్చినప్పుడు, "ఈ తల్లిదండ్రులకు చదువంటే లెక్కలేదండీ" అని అందరికంటే ముందు నేనే అన్నాను. ఆ మాట ఎంత గట్టిగా అన్నానో నాకింకా గుర్తుంది.

ఉగాది తర్వాత ఆ కుటుంబం ఊరికి తిరిగొచ్చిందని పిల్లలు చెప్పారు. బడి నుంచి వాళ్లిల్లు పది నిమిషాల నడక. నేను పోలేదు. పిల్లే వస్తుందిలే, పుస్తకం కోసమైనా వస్తుంది అనుకున్నాను. అది రాలేదు. వేసవి సెలవులొచ్చాయి. తర్వాతి ఏడు బడి మానేసిన పిల్లల జాబితాలో దాని పేరు రాసింది కూడా నేనే, నా చేతిరాత బాగుంటుందని హెడ్‌మాస్టరు గారు ఆ పని నాకే ఇచ్చేవారు. కారణం అన్న చోట వలస అని రాశాను.

ఆ తర్వాత కూడా రెండేళ్లు పూజ చేశాను. ఇది చెప్పడానికి ఇంకా సిగ్గుగా ఉంది. మూడో ఏడు పచ్చబట్ట బయటికి తీసి, మళ్లీ మడత పెట్టేశాను. టైము లేదని చెప్పి మానేశాను. శుక్రవారం చదవడం మాత్రం ఆపలేదు, కాకపోతే పుస్తకం మొత్తం ముందుగా చదివే చదువుతున్నాను. ఆ దీపస్తంభం కథను మళ్లీ ఏ క్లాసుకూ చదవలేదు. దానికి కొత్త అట్ట వేసి అడుగు అరలోనే పెట్టాను.

ఈ ఏడు జూన్‌లో, బడి తెరిచిన మొదటి వారంలో ఒక సంగతి జరిగింది. ఆరో తరగతిలో చేర్చడానికి చెల్లెల్ని వెంటబెట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. మెడలో పసుపుతాడు, చేతులకు పత్తి మిల్లులో పనిచేసేవాళ్లకు ఉండే గరుకుదనం. నేను గుర్తుపట్టలేదు. ఆ అమ్మాయే నవ్వి, "బాగుండారా మేడమ్?" అంది. ఆ గొంతు విన్నాక కిటికీ పక్క చోటు గుర్తొచ్చింది.

ఆదోనిలో మిల్లు పనికి పోతోందట. భర్త కూడా అక్కడే. అమ్మకు ఒంట్లో బాగాలేదని చెల్లెల్ని చేర్చే పని తాను పెట్టుకుందట. ఆరేళ్ల కిందట చంకలో ఉన్న పిల్ల ఇప్పుడు అక్క భుజం దాకా ఎదిగింది. చేరిక కాగితాల పని అయ్యాక నాకేం చేయాలో తోచలేదు. తప్పు చేసినవాళ్లు అతిగా మర్యాద చేస్తారు గదా, నేనూ అదే చేశాను. "రండి, లైబ్రరీ చూద్దురు గానీ" అని పట్టుబట్టి తీసుకుపోయాను.

గడప దగ్గర ఆ అమ్మాయి చెప్పులు విప్పింది. లోపలికి వచ్చి బీరువాలకు దూరంగా, గోడకు ఆనుకుని నిలబడింది. చిన్నది మాత్రం తిన్నగా పుస్తకాల దగ్గరికి పోయి చెయ్యి చాపింది.

"ముట్టుకోవద్దే. మేడమ్‌ను అడగాల. ఎప్పుడంటే అప్పుడు అడిగేది గూడ తప్పు" అంది అక్క.

చిన్నది చెయ్యి వెనక్కి తీసుకుని గౌనుకు తుడుచుకుంది.

"తీసుకోనియ్యి, ఏం కాదు" అన్నాను.

"లేదు మేడమ్. నాకు తెలుసు గదా." ఆ అమ్మాయి నవ్వుతూనే చెప్పింది, ఎప్పుడో సద్దుమణిగిన కష్టం గురించి చెప్పినట్టు. "పూజలో ఉండేదాన్ని అడిగితి. ఆ పొద్దు పోయిన సదువు మళ్లా రాకపాయ. సుగ్గి నుంచి వచ్చినంక బడికి వస్తామనుకుంటి మేడమ్. యాడ, భయమాయ. అమ్మవారికి నా మీద కోపమొచ్చె, ఇంగ యా మొహం పెట్టుకోని పోయేదని. దీనికైనా రానీ అని మొక్కుకోని తెచ్చినా."

ఆరేళ్లుగా నేను నాకు చెప్పుకున్నదంతా వలస, కరువు, తల్లిదండ్రులు. అవన్నీ నిజమే. వాటితో పాటు ఆ పిల్ల ఉగాదికి తిరిగొచ్చి, పది నిమిషాల దూరంలో కూర్చుని, నేను చెప్పిన మాటకు భయపడి బడికి రాలేదన్నది కూడా నిజమే. వలస అని రాశాను జాబితాలో. నా చేతిరాతతో.

అప్పుడు కూడా నాకు మొదట తోచింది తప్పించుకునే మార్గమే. "అమ్మవార్లకు పిల్లల మీద కోపాలుంటాయా, పిచ్చిదానా" అన్నాను. ఆ అమ్మాయి మర్యాదకు తల ఊపింది. నమ్మలేదు. చిన్నది చేతులు వెనక్కి కట్టుకుని అక్క పక్కకు జరిగి నిలబడింది. ఇక అక్కడి నుంచి నాకు పారిపోయే దారి లేకపోయింది.

"ఆ రోజు పుస్తకం పూజలో లేదు" అన్నాను.

"ఏంది మేడమ్?"

"పూజలో పెట్టలేదు. నా బ్యాగులో ఉంది. నేను చదువుకుందామని పెట్టుకున్నాను. నీకిస్తే తిరిగి రాదని కూడా అనుకున్నాను. అబద్ధం చెప్పాను."

ఆ అమ్మాయి నా మొహం వైపు చూసి, కుర్చీకి తగిలించిన నా బ్యాగు వైపు చూసింది.

"ఇందులోనా?"

"ఇది కాదు, పాతది."

"నేను మొక్కినప్పుడు గూడ దాంట్లోనే ఉండెనా?"

"అప్పుడూ నా భుజానే ఉంది" అన్నాను.

కోప్పడుతుందని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆ అమ్మాయి మెల్లగా, "ఇయ్యనని సెప్పింటే సాలుండె మేడమ్. నేను పోయుంటా గదా. మళ్లా వచ్చినప్పుడు అడిగుంటా" అంది.

క్షమించు అనబోయాను గానీ, పెద్దదాన్నన్న బెట్టు అప్పటికీ చావలేదో, లేక ఆ మాట అడగడం కూడా ఇంకో కోరిక కోరినట్టే అనిపించిందో, నోటి నుంచి రాలేదు.

"అట్లయితే అమ్మవారికి నామీద కోపం లేదు" అంది ఆ అమ్మాయి, నన్ను అడిగినట్టు కాకుండా.

"లేదమ్మా. ఎప్పుడూ లేదు."

పైట కొంగుతో మొహం తుడుచుకుంది. గోడ దగ్గరి నుంచి కదిలి బీరువా దాకా వచ్చింది. నేను వంగి అడుగు అరలోంచి ఆ పుస్తకం తీసి ఇచ్చాను. కొత్త అట్ట చూసి ఇది కాదేమో అనుకుంది. తిప్పుతూ పోయి ఒక పేజీ దగ్గర ఆగి వేలు పెట్టింది. అది నేను ఆపిన చోటే.

ఏదో ఒకటి ఇవ్వాలన్న ఆత్రంలో, "ఆ పుల్ల సంగతి చెప్పనా?" అన్నాను.

"వద్దు మేడమ్. నేనే సదవాల" అంది. వెంటనే పుస్తకం మూసేసింది.

ఇంటికి పుస్తకం పట్టుకుపోయేవాళ్లు రాయాల్సిన రిజిస్టరు బల్ల మీద తెరిచి, పెన్ను ఇచ్చాను. చెల్లెలి పేరు రాస్తుందనుకున్నాను. అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. బయటివాళ్లకు పుస్తకాలు ఇవ్వకూడదన్నది నియమం. నేను నోరెత్తలేదు. పేరు పక్కన తరగతి అన్న గడి ఉంటుంది. అక్కడికి వచ్చి పెన్ను ఆపింది.

"ఈడేం రాయాల మేడమ్?" అని అడిగింది.

ఆ అమ్మాయి నా కోసం కొంచెంసేపు ఆగి, ఇక నేను చెప్పనని తెలిసి, ఎనిమిది అని రాసి పెన్ను నా చేతికి ఇచ్చింది.